రైలుకట్ట మీద పూలతోట

న్యూయార్కు నగరంలో పదవ ఎవెన్యూకి వెనుకటి రోజులలో ‘మృత్యువీధి’ అని పేరు. గూడ్సు బండ్లు నడివీధిలోనే పోయేవి. వాటి కింద పడి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకని ప్రతి బండికీ ముందు ఒక రౌతు గుర్రమెక్కి, ఎర్రజెండా వూపుకుంటూ పోయేవాడు. రైలింజనుకు గుర్రం దారి చూపించడమన్న మాట! వినడానికి వింతగా వున్నా, 1941 దాకా ఆ రౌతులు వుండనే వున్నారు.

ఈ పీడ విరగడ చేయడానికే 1934లో ఉక్కు స్తంభాల మీద, ముప్పై అడుగుల ఎత్తున, ‘హైలైన్’ అనే రైలుబాట వేశారు. బండ్లు తిన్నగా ఫ్యాక్టరీల పై అంతస్తులలోకే పోయి మాంసమూ, పాలూ, కూరగాయలూ దించేవి. ఆ తరువాత లారీల కాలం వచ్చింది. 1980లో మూడు పెట్టెల టర్కీ కోళ్ళతో ఆఖరి బండి వెళ్ళిపోయింది.

మనిషి అడుగుపెట్టని ఆ కట్ట మీద గాలి తెచ్చిన విత్తనాలు మొలిచి, గడ్డీ పూలపొదలూ కమ్ముకున్నాయి. కింది స్థలాల ఆసాములకు మాత్రం అది కంట్లో నలుసు. పడగొడితే మేడలు కట్టుకోవచ్చు. పీటర్ ఆబ్లెట్జ్ అనే రైళ్ళ పిచ్చి ఆయన 1984లో రైల్వే కంపెనీ వద్ద ఆ కట్టను 10 డాలర్లకు కొన్నాడు. ఆసాములు వ్యాజ్యం వేసి ఆ బేరం చెడగొట్టారు.

1999లో వాడవాసుల సభ ఒకటి జరిగింది. అక్కడ పక్కపక్కన కూర్చున్న ఇద్దరు అపరిచితులు, జోషువా డేవిడ్, రాబర్ట్ హామండ్, దాన్ని కాపాడడానికి సంఘం పెట్టారు. తోటలు వేసిన అనుభవం ఇద్దరికీ లేదు. 2001 చివర, జూలియానీ మేయరుగిరీ ముగియబోతుండగా కూల్చివేతకు సంతకాలు పడ్డాయి. వీళ్ళు కోర్టుకెక్కారు. తరువాతి మేయరు బ్లూంబర్గ్ వీళ్ళ పక్షం వహించాడు.

అసలు చిక్కుముడి విప్పింది 2005 నాటి ఏర్పాటు. కట్ట కింది ఆసాములు తమ మేడలు కట్టుకునే హక్కును సమీపంలోని వేరే స్థలాలకు అమ్ముకోవచ్చునన్నారు. డబ్బు చేతికందేటప్పటికి నలుసు కాస్తా నగ అయి కూర్చుంది!

పట్టాలను గుర్తులు వేసి వూడదీసి, కట్ట బాగుచేసి, చాలావాటిని మళ్ళీ యథాస్థానంలో పరిచారు. పియెట్ ఔడాల్ఫ్ అనే డచ్చి తోటల నిపుణుడు వెనుకటి పిచ్చిమొక్కల తీరునే మొక్కలు నాటించాడు. 2009లో మొదటి భాగం తెరిచారు. 2014 నాటికి సుమారు ఒకటిన్నర మైళ్ళయింది. పారిసులో 1993లోనే ఇటువంటి తోట వెలిసింది గాని, ఇంత పేరు దానికి రాలేదు.

ఆ పేరే చుట్టుపక్కల అద్దెలను ఆకాశానికెత్తింది. ఆ చుట్టుపట్ల ప్రభుత్వపు అద్దెయిళ్ళలో వుండే పేదలు తోట మెట్లెక్కడం తక్కువ. తోట ఎట్లా వుండాలని అడిగామే గాని, మీకేం కావాలని వాళ్ళను అడగలేదని 2017లో హామండే బాహాటంగా ఒప్పుకున్నాడు. పాత కట్టలను తోటలు చేయబూనిన ఇతర నగరాలవారికి ఇప్పుడు ఆ సంఘమే సలహాలిస్తున్నది. అద్దెల సంగతి తోట వేయకముందే చూసుకోమని చెబుతున్నది.