చదవలేని గ్రంథం, చదవబోయే మనసు

1988లో బీజింగ్‌లోని చైనా ఆర్ట్ గ్యాలరీలో కళాకారుడు షూ బింగ్ ఒక ఇన్‌స్టలేషన్ తొలి రూపాన్ని ప్రదర్శించాడు. పైకప్పు నుంచి వేలాడే పొడవాటి కాగితాలు, నేల మీద తెరిచి పరిచిన పుస్తకాలు, అన్నిటా పొందికగా అచ్చయిన చైనా అక్షరాలు. చదవబోయిన పండితులకు కూడా ఒక్క మాట అర్థం కాలేదు. 1987లో మొదలుపెట్టి, కొన్నేళ్ల శ్రమతో దాదాపు 4,000 అర్థరహిత అక్షరాలను షూ బింగ్ తానే కల్పించి, చెక్క మీద చెక్కి అచ్చు వేశాడు. ‘ఆకాశ గ్రంథం’గా పేరుపొందిన ఈ కృతి, భాష మన చూపును ఎలా తీర్చుతుందో కళ్ల ముందు పెడుతుంది.

చైనా లిపిలో చాలా అక్షరాలు రెండు భాగాల కలయిక. ఒక భాగం అర్థానికి ఆనవాలు, రెండోది ఉచ్చారణకు. నది, సరస్సు, సముద్రం అనే మాటల అక్షరాలన్నిటిలో నీటి గుర్తు ఉంటుంది. షూ బింగ్ ఇలాంటి అసలు భాగాలనే కొత్త తీరులో కలిపాడు. అందువల్ల ఆ లిపి వచ్చినవారికి ప్రతి అక్షరమూ తెలిసినట్టే తోచి, అందకుండా పోతుంది. ఆ లిపి రానివారికి అదే కాగితం అందమైన అల్లికలా కనిపిస్తుంది, కలవరపెట్టదు. కాగితమూ సిరా ఒక్కటే. తేడా అంతా చూసేవారు వెంట తెచ్చుకున్న భాషలో ఉంది.

చదవడం వచ్చిన మెదడు అక్షరాన్ని వట్టి గీతగా చూడలేదు. ‘ఎరుపు’ అనే మాటను నీలి సిరాతో రాసి, సిరా రంగు చెప్పమంటే నాలుక తడబడుతుంది. 1935లో మనస్తత్వ శాస్త్రవేత్త స్ట్రూప్ ఇలాంటి ప్రయోగాల ఫలితాలను ప్రచురించాడు.

భాష ప్రభావం అక్షరాల దగ్గరే ఆగదు. రష్యన్‌లో ముదురు నీలం ‘సీనీ’, లేత నీలం ‘గొలుబోయ్’. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, చూపిన రెండు నీలాలు ఈ హద్దుకు చెరోవైపు ఉన్నప్పుడు రష్యన్లు తేడాను మరింత త్వరగా పట్టగలిగారు. ఇంగ్లిష్ మాట్లాడేవారిలో ఆ తీరు కనిపించలేదు. మనసులో అంకెలు వల్లె వేస్తూ చూడమన్నప్పుడు మాత్రం రష్యన్లకూ ఆ చురుకు పోయింది. అంటే భాష కంటికి వేసిన శాశ్వతమైన గంత కాదు, చూస్తున్న క్షణంలో పక్కనే ఉండి పనిచేసే సహాయకురాలు.

మన భాషా అంతే. ‘మేము’ అనాలో ‘మనం’ అనాలో ఎంచుకున్న ప్రతిసారీ, వినేవారిని కలుపుకున్నామో లేదో తెలుగులో తేల్చుకోవలసిందే. అలవాటైన పని గనుక దాన్ని గమనించం. షూ బింగ్ అక్షరాల నుంచి అర్థాన్ని తీసేశాడు. అప్పుడు మిగిలింది అర్థం కోసం వెతుకులాడే మనసు. ఎన్నడూ గమనించని ఆ పనిని చూడగలగడమే ఈ గ్రంథాన్ని చదవడం.