సముద్రతీర బసలో విద్యుత్ కారు: రాత్రి ఛార్జింగ్ ఏర్పాట్లే దూరప్రయాణానికి ఆధారం

ప్రత్యేక వ్యాసం

పెట్రోలు, డీజిలు కార్లలో దూరప్రయాణం చేసేవారు తాము దిగబోయే హోటలును గది సౌకర్యం, భోజనం, సముద్రానికి గల సామీప్యం చూసి ఎంచుకుంటారు. విద్యుత్ కారులో బయలుదేరినవారు వీటన్నిటికంటె ముందుగా మరొక విషయాన్ని విచారించవలసి ఉంటుంది. రాత్రి కారును నిలిపిన చోటనే బ్యాటరీని నింపుకొనే వసతి ఉన్నదా, లేదా అన్నదే ఆ విషయం. ఆ వసతి ఉన్నచోట మరునాటి ప్రయాణం నిశ్చింతగా మొదలవుతుంది. లేనిచోట విహారానికి కేటాయించిన సమయంలో కొంత భాగం ఛార్జింగ్ కేంద్రాన్ని వెదకడానికే సరిపోతుంది. ఈ కారణంగా తీరప్రాంత హోటళ్లలో ఛార్జింగ్ ఏర్పాట్లు పర్యాటకం, విద్యుత్ భద్రత, విపత్తు నిర్వహణ అనే మూడు అంశాలతో ముడిపడి ఉన్నాయి.

హైదరాబాద్ నుండి విశాఖ తీరానికి

హైదరాబాద్ నుండి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 275 కిలోమీటర్లు, అక్కడి నుండి విశాఖపట్నానికి 16వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 350 కిలోమీటర్లు, మొత్తం సుమారు 620 కిలోమీటర్ల దూరం ఉంటుంది. మధ్యశ్రేణి విద్యుత్ కారులో 40 యూనిట్ల సామర్థ్యం గల బ్యాటరీ ఉన్నదని, రహదారిపై ఒక్కొక్క యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందని అనుకుంటే ఈ ప్రయాణపు లెక్క స్పష్టమవుతుంది.

బ్యాటరీని పూర్తిగా నింపి బయలుదేరి, అందులో 20 శాతం నిల్వ ఉంచుకుంటే మొదటి విడతలో 32 యూనిట్లు వాడుకోవచ్చు. అంటే 192 కిలోమీటర్లు. దారిలోని వేగవంతమైన ఛార్జింగ్ కేంద్రాలలో సాధారణంగా 80 శాతం వరకే నింపుతారు. అంతకు మించితే ఛార్జింగ్ వేగం బాగా తగ్గిపోవడమే ఇందుకు కారణం. ఆ ప్రకారం తరువాతి విడతలలో 24 యూనిట్లు, అంటే 144 కిలోమీటర్లు చొప్పున లభిస్తాయి. మూడుచోట్ల ఆగితే మొత్తం 624 కిలోమీటర్లు పూర్తవుతాయి. విశాఖ చేరేసరికి బ్యాటరీలో మిగిలేది 8 యూనిట్లు మాత్రమే. అవి 48 కిలోమీటర్లకు చాలుతాయి. బీచ్ రోడ్డు నుండి భీమునిపట్నం వెళ్లి తిరిగి రావడానికే ఆ నిల్వ చాలీచాలనట్లు ఉంటుంది.

విశాఖకు వచ్చిన యాత్రికులలో అనేకులు అరకు లోయకు కూడా వెళతారు. ఒకవైపు దూరం సుమారు 115 కిలోమీటర్లు. సముద్రమట్టం నుండి దాదాపు 900 మీటర్ల ఎత్తు ఎక్కవలసి ఉంటుంది. ప్రయాణికులతో కలిపి 1,700 కిలోల బరువు గల కారును ఆ ఎత్తుకు చేర్చడానికే 4 యూనిట్లకు పైగా అదనపు శక్తి కావాలి. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా పనిచేసి అందులో కొంత భాగాన్ని బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. అయినప్పటికీ 230 కిలోమీటర్ల రానుపోను ప్రయాణానికి నిండు బ్యాటరీ కూడా మిగులు లేకుండా ఖర్చవుతుంది. తీరంలోని హోటలులో రాత్రి పూర్తిగా నింపుకొని, కొండపై మరికొంత నింపుకొనే వీలు చూసుకుంటేనే ఈ యాత్ర నిరాటంకంగా సాగుతుంది.

రహదారి ఛార్జింగ్, బసలో ఛార్జింగ్

ఈ రెండింటి ప్రయోజనాలు వేరువేరు. రహదారి పక్కన ఉండే కేంద్రాలు సి.సి.ఎస్.-2 రకపు కనెక్టరు ద్వారా నేరుగా డి.సి. విద్యుత్తును బ్యాటరీకి పంపుతాయి. 50 లేక 60 కిలోవాట్ల యంత్రం వద్ద సుమారు గంటలో 80 శాతం వరకు నింపుకోవచ్చు. అయితే ఇటువంటి యంత్రానికి ఖర్చు అధికం, పెద్ద విద్యుత్ కనెక్షను అవసరం.

హోటలుకు ఇంతటి యంత్రం అక్కరలేదు. అతిథి సాయంత్రం వచ్చి మరునాడు ఉదయం బయలుదేరే వరకు కారు పది, పన్నెండు గంటలపాటు కదలకుండా ఉంటుంది. 20 శాతంతో వచ్చిన కారును నింపడానికి, మధ్యలో జరిగే నష్టంతో కలిపి, సుమారు 35 యూనిట్లు కావాలి. గోడకు అమర్చే 7.2 కిలోవాట్ల ఎ.సి. ఛార్జరు ఈ పనిని ఐదు గంటలలో చేస్తుంది. 15 ఆంపియర్ల పవర్ ప్లగ్గు నుండి 3.3 కిలోవాట్ల చొప్పున తీసుకున్నా పది, పదకొండు గంటలలో పూర్తవుతుంది. నెమ్మదిగా నింపడం వలన బ్యాటరీపై వేడి ఒత్తిడి కూడా తక్కువగా ఉంటుంది.

విద్యుత్ లోడు విషయంలో జాగ్రత్త

చిన్న హోటళ్ల యాజమాన్యాలకు కలిగే ప్రధాన సందేహం మంజూరైన లోడు గురించినది. ఇరవై గదులలో ఒక్కొక్కటి 1.5 కిలోవాట్ల చొప్పున ఎయిర్ కండిషనర్లు ఒకేసారి నడిస్తే 30 కిలోవాట్లు అవసరమవుతాయి. ఆరు కార్లు ఒకేసారి 7.2 కిలోవాట్ల చొప్పున తీసుకుంటే మరో 43 కిలోవాట్లు దానిపై పడతాయి. ముందుగా యోచించకుండా ఛార్జర్లు అమర్చితే వేసవి రాత్రివేళ ఫ్యూజులు పోవడం, ట్రాన్స్‌ఫార్మరుపై అధిక భారం పడడం తప్పదు.

వాస్తవానికి ఈ ఆరు కార్లకు రాత్రి మొత్తంలో కావలసినవి 210 యూనిట్లు మాత్రమే. వాటిని పన్నెండు గంటలపై పంచితే సగటు భారం 17.5 కిలోవాట్లకు తగ్గుతుంది. ఛార్జర్ల మధ్య లోడును తనంతట తాను పంచే పరికరం ఇందుకు ఉపకరిస్తుంది. అది లేనిచోట కార్లకు వంతులు నిర్ణయించి, ముందుగా బయలుదేరేవారికి ముందు అవకాశం ఇవ్వడం ద్వారా సిబ్బంది కూడా ఈ సర్దుబాటు చేయవచ్చు. అతిథి గది తీసుకునే సమయంలోనే బయలుదేరే వేళను, బ్యాటరీలో మిగిలిన శాతాన్ని అడిగి నమోదు చేసుకుంటే ఈ పని సులభమవుతుంది.

పగటివేళ కూడా పరిశీలించదగినది. సార్వజనిక ఛార్జింగ్ కేంద్రాల విద్యుత్ ధరలో, సౌరవిద్యుత్తు లభించే ఉదయం 9 గంటల నుండి సాయంత్రం 4 గంటల వరకు రాయితీ ఉండాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబరులో జారీ చేసిన మార్గదర్శకాలు సూచించాయి. రెండు, మూడు రోజులు తీరంలోనే గడిపే అతిథుల కార్లు ఆ సమయంలో ఖాళీగానే ఉంటాయి. పైకప్పుపై సౌర ఫలకాలు గల హోటళ్లకు ఇది మరింత అనుకూలం.

నిబంధనలు ఏమంటున్నాయి

విద్యుత్ వాహనపు బ్యాటరీని ఛార్జి చేయడం ఒక సేవ అని, దీనికి 2003 నాటి విద్యుత్ చట్టం కింద లైసెన్సు అవసరం లేదని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2018 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. హోటళ్లు ఈ సేవను అందించి రుసుము వసూలు చేసుకోవడానికి గల ప్రధానమైన సందేహం దీనితో తొలగిపోయింది. అదే సంవత్సరం డిసెంబరులో వెలువడిన మార్గదర్శకాలు రహదారులకు ఇరువైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక ఛార్జింగ్ కేంద్రం ఉండాలని పేర్కొన్నాయి. భవనాల పార్కింగు స్థలంలో 20 శాతం విద్యుత్ వాహనాలకు అనువుగా ఉండేటట్లు 2019లో నమూనా భవన నిబంధనలను సవరించారు. విద్యుత్ వాహనాలపైన, వాటి ఛార్జర్లపైన జి.ఎస్.టి.ని 2019 ఆగస్టు 1 నుండి 5 శాతానికి తగ్గించారు. 2024 అక్టోబరులో ప్రారంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో సార్వజనిక ఛార్జింగ్ కేంద్రాల కోసం 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు.

భద్రత విషయంలో కేంద్రీయ విద్యుత్ ప్రాధికార సంస్థ 2019లో సవరించిన నిబంధనలు ముఖ్యమైనవి. ఛార్జింగ్ సాకెట్టు నేలమట్టానికి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. కారు నిలిపే స్థానం ఛార్జింగ్ పాయింటుకు 5 మీటర్ల లోపున ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్లకు మించకుండా పనిచేసే లీకేజి రక్షణ పరికరం తప్పనిసరి. పొడవు పెంచే అదనపు తీగను ఉపయోగించరాదు.

వీటిలో చివరి నిబంధనకు ఎక్కువ ప్రచారం కల్పించవలసి ఉన్నది. ఛార్జింగ్ పాయింటు లేని బసలలో కొందరు గది కిటికీ గుండా ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి కారును ఛార్జి చేసుకుంటారు. ఆ తీగలో దాదాపు 14 ఆంపియర్ల విద్యుత్తు పది గంటలపాటు ఎడతెగకుండా ప్రవహిస్తుంది. ఇస్త్రీపెట్టె, మిక్సీ వంటి వాటికి కొద్ది నిమిషాల వాడకం కోసం తయారైన తీగ, ప్లగ్గు ఈ భారానికి తట్టుకోలేక వేడెక్కి కరిగిపోవచ్చు. అందరూ నిద్రించే వేళ జరిగే ప్రమాదం కనుక దీనిని తేలికగా తీసుకోరాదు. పోర్టికోలో ప్రత్యేక తీగమార్గం, ఎం.సి.బి., లీకేజి రక్షణ, సరియైన ఎర్తింగ్ గల ఒక్క పవర్ ప్లగ్గు ఏర్పాటు చేయడం స్వల్ప ఖర్చుతో కూడిన పని. ఆ ఒక్క ఏర్పాటుతో ఈ ముప్పు తొలగిపోతుంది.

ఉప్పుగాలి, ఇసుక, ఉప్పునీరు

సముద్రపు గాలిలోని ఉప్పు తేమ లోహాలను త్వరగా తినివేస్తుంది. ఛార్జరు పెట్టె, బోల్టులు, ఎర్తింగ్ కలుపులు, కనెక్టరులోని పిన్నులు ముందుగా దెబ్బతింటాయి. తుప్పు పట్టిన కలుపు వద్ద నిరోధం పెరిగి వేడి పుడుతుంది. కాబట్టి తీరంలో నీరు, ధూళి చొరబడని రకపు పెట్టెలను ఎంచుకోవడం, సముద్రానికి అభిముఖంగా కాక భవనానికి అవతలి వైపున అమర్చడం, వాడనప్పుడు కనెక్టరుకు మూత ఉంచడం, ఎర్తింగును క్రమం తప్పక పరీక్షించడం అవసరం. యాత్రికులు కూడా ఛార్జింగ్ మూతను తెరచి ఉంచరాదు. తీరం నుండి తిరిగి వచ్చిన తరువాత కారు అడుగుభాగాన్ని మంచినీటితో కడిగించుకోవాలి.

ఇసుకపైన, అలల అంచునా కారు నడపడం ఏ వాహనానికైనా హానికరమే. విద్యుత్ వాహనానికి ఉప్పునీటి ముంపు మరింత ప్రమాదకరం. ఉప్పునీరు విద్యుద్వాహకం కావడం వలన, బ్యాటరీలోకి చేరితే లోపల షార్ట్ సర్క్యూట్ ఏర్పడవచ్చు. నీరు ఆరిన తరువాత మిగిలే ఉప్పు కూడా అదే పని చేస్తుంది. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను అమెరికాలోని ఫ్లోరిడా తీరాన్ని తాకినపుడు, ఉప్పునీటిలో మునిగిన కొన్ని విద్యుత్ వాహనాలు ఆ తరువాత రోజులలో మంటలకు గురయ్యాయి. మునిగిన కారును నడపడానికి గాని, ఛార్జి చేయడానికి గాని ప్రయత్నించరాదు. దానిని భవనాలకు, ఇతర వాహనాలకు కనీసం 50 అడుగుల దూరంలో ఉంచి, కంపెనీ సాంకేతిక సిబ్బందికి, అగ్నిమాపక శాఖకు తెలియజేయాలి.

తుఫాను హెచ్చరిక వేళ

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినపుడు విద్యుత్ వ్యవస్థ తీవ్రంగా దెబ్బతిని, నగరం రోజుల తరబడి చీకటిలో ఉండిపోయింది. అటువంటి పరిస్థితిలో విద్యుత్ కారుకు ఛార్జింగ్ దొరకదు. హోటలులోని డీజిల్ జనరేటరు లిఫ్టులకు, దీపాలకు, నీటి మోటార్లకు ఉద్దేశించినదే గాని కార్ల కోసం కాదు. అందువలన తుఫాను హెచ్చరిక వెలువడిన వెంటనే అతిథుల కార్లను నింపించి, రహదారులు తెరచి ఉండగానే లోతట్టు ప్రాంతాలకు బయలుదేరే వీలు కల్పించడం యాజమాన్యాల బాధ్యత. సెల్లారులో నిలిపిన వాహనాలను ఎత్తయిన చోటికి తరలించడం, ఛార్జర్లకు విద్యుత్ సరఫరాను మెయిన్ స్విచ్చి వద్దనే నిలిపివేయడం కూడా ముందుజాగ్రత్తలలో చేర్చవలసినవి.

తీర పర్యావరణం

ఛార్జింగ్ స్థలం కోసం కొత్త షెడ్లు, పునాదులు, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మెలు నిర్మించదలచినపుడు తీర నియంత్రణ మండలి నిబంధనలను ముందుగా పరిశీలించవలసి ఉంటుంది. సముద్రతీరం వెంబడి ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుండి భూమి వైపున 500 మీటర్ల వరకు గల ప్రాంతం ఈ నిబంధనల పరిధిలోకి వస్తుంది. ఆంధ్ర తీరంలో జనవరి నుండి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు వెలుతురును బట్టి సముద్రపు దిశను గుర్తిస్తాయి గనుక, ఛార్జింగ్ స్థలంలోని దీపాలు తీరం వైపు ప్రసరించకుండా నేల వైపునకు తిప్పి అమర్చడం అవసరం.

చిన్న తీరాలకు అవకాశం

విశాఖపట్నం వంటి నగరంలో హోటలులో వసతి లేకపోయినా సమీపంలో మరొక కేంద్రం దొరికే అవకాశం ఉంటుంది. బాపట్ల సమీపంలోని సూర్యలంక, మచిలీపట్నం సమీపంలోని మంగినపూడి, కోనసీమలోని అంతర్వేది వంటి తీరాలకు వెళ్లేవారికి బసలోని ఏర్పాటే ప్రధాన ఆధారం. కత్తిపూడి నుండి ఒంగోలు వరకు తీరం వెంబడి సాగే 216వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతాలను కలుపుతున్నది. ఆ దారిలోని ప్రతి అతిథిగృహంలోను నిబంధనల ప్రకారం అమర్చిన రెండు ఛార్జింగ్ పాయింట్లు ఉంటే, పెద్ద కేంద్రాలు వచ్చే వరకు వేచి ఉండకుండానే విద్యుత్ కార్ల యాత్రికులు అక్కడికి చేరుకోగలుగుతారు.

ఆకుపచ్చ నంబరు పలక గల కారు హోటలు ఆవరణలోకి వచ్చినపుడు సిబ్బంది చెప్పగలగవలసినవి మూడు విషయాలు. ఛార్జింగ్ పాయింటు ఎక్కడ ఉన్నది, దాని సామర్థ్యం ఎన్ని కిలోవాట్లు, యూనిట్‌కు ఎంత రుసుము అనేవే అవి. ఈ మూడింటిని గది అద్దెల పట్టికతో పాటు ప్రకటించడం యాత్రికులకు సౌకర్యాన్ని, యాజమాన్యాలకు ఆదాయాన్ని, అధికారులకు భద్రతా తనిఖీలో సౌలభ్యాన్ని కలిగిస్తుంది.