పద్యంలో సముద్రాలు నాలుగా, ఏడా?

మదనపల్లెలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటివాడికి లెక్కలతో పనేమిటని మీరు అడగవచ్చు. ఆ పని తెచ్చిపెట్టినవాడు మా తరగతిలో వెనక బల్ల కుర్రవాడు.

ఆరోజు పాఠం చదరంగం పద్యం. మహావీరాచార్యుల సంస్కృత గణితసారసంగ్రహాన్ని పదకొండవ శతాబ్దంలో తెలుగు చేసిన పావులూరి మల్లన పేరిట అది ప్రచారంలో ఉంది. చదరంగం బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అరవైనాలుగు గళ్ళకూ కలిపి 18446744073709551615 గింజలు. మన రాగిగింజలే అనుకోండి, సెకనుకొకటి వంతున లెక్కపెట్టినా 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది.

ఇరవై అంకెల ఈ సంఖ్యను కవి మాటల్లో దాచాడు. చంద్రుడంటే ఒకటి, వేదమంటే నాలుగు, మన్మథుడి శరాలు అయిదు, గగనం సున్న. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి ఎడమకు వేసుకుంటూ పోవాలి. కొండ అంటే ఏడు. (మన సీమలో ఏడుకొండలంటే వేరే చెప్పాలా! కాని ఇవి తిరుమల కొండలు కావు, కులపర్వతాలు.)

సముద్రం దగ్గరకు వచ్చి “నాలుగు” అన్నాను. కుర్రవాడు లేచాడు.

“కొండలు ఏడైతే సముద్రాలూ ఏడే కదా సార్? సప్తసముద్రాలంటారే!”

“సంప్రదాయం నాయనా” అన్నాను. కూర్చున్నాడు గాని నమ్మినట్టు లేదు. అంతకుమించి నాకూ తెలియదు. పద్యంలో సముద్రం రెండుచోట్ల వస్తుంది. నాలుగనుకున్నా ఏడనుకున్నా మాట అదే గనుక ఛందస్సు సాక్ష్యం చెప్పదు. సంఖ్య మాత్రం తారుమారవుతుంది. రాత్రి కూర్చుని రెట్టించాను. ముప్ఫయ్యో గడి దాటాక ఎక్కడో చెయ్యి తప్పింది.

మర్నాడు కుప్పం బస్సులో లెక్కల మాస్టారొకరు పక్కన కూర్చున్నారు. నా గోడు విని, “తొమ్మిదితో చూడండి” అన్నారు. పుంగనూరు చేరేలోగా తగువు తీరిపోయింది.

ఒకటిని రెట్టిస్తూ తొమ్మిదితో భాగిస్తే శేషాలు 1, 2, 4, 8, 7, 5; తరువాత మళ్ళీ 1. ఆరు రెట్టింపులకు ఒక చుట్టు. అరవైనాలుగు రెట్టింపులంటే పది చుట్లూ, పైన నాలుగూ, శేషం 7. మొత్తం గింజలు దానికి ఒకటి తక్కువ (మొదటి రెండు గళ్ళలో మూడు, అంటే నాలుగుకు ఒకటి తక్కువ, చివరిదాకా ఇంతే). కనుక శేషం 6 రావాలి. ఏ సంఖ్యకైనా అంకెలు కూడి తొమ్మిదితో భాగిస్తే వచ్చేదీ అదే శేషం. సముద్రాలు నాలుగైతే అంకెల మొత్తం 87, శేషం 6. ఒక్కచోట ఏడు వేస్తే 90, శేషం సున్న. రెండుచోట్లా వేస్తే 93, శేషం 3. మూడుతో పరీక్షించి ఉంటే మోసపోయేవాణ్ణి. 87, 90, 93 అన్నీ మూడుతో తెగుతాయి!

పలమనేరు దాటాక మాస్టారు ఇంకో విశేషం చెప్పారు. 4294967297 ప్రధాన సంఖ్య అని ఫెర్మా అనుకున్నాడట. అది 641తో తెగుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. మన చదరంగం సంఖ్యను ఆ 4294967297 నిశ్శేషంగా భాగిస్తుంది. కాబట్టి 641 కూడా భాగిస్తుంది.

తిరిగివచ్చి కుర్రవాడి చేతికి సుద్దముక్క ఇచ్చాను. బోర్డుమీద రెండుసార్లు కూడి చూసుకుని, “నాలుగే సార్. కాని నాలుగెందుకు?” అన్నాడు.

ఇంటికి వెళ్ళాక తట్టింది. ప్రవర చెప్పేటప్పుడు నాలుగు సముద్రాల పేరెత్తి నమస్కరించడం ఒడుగునాటినుంచీ నాకు అలవాటే. తరగతిలో అది గుర్తుకు రాలేదు.