సెలవుల్లో అమ్మ చేతికీ ఒక కంట్రోలర్

డిసెంబరు ఆఖరి వారం వస్తే అమెరికాలో, ఇంగ్లండులో బడులకి సెలవులు. బయట చలి, సాయంత్రం కాకుండానే చీకటి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకి వేసవిలో ఇదే పరిస్థితి. ఆ ఎండకి గుమ్మం దాటలేం. దేశం ఏదైనా ఇంట్లో దృశ్యం ఒకటే. పిల్లలు చెవులకి హెడ్‌సెట్ తగిలించుకుని గదిలో, ఆయన ఫోన్ పట్టుకుని సోఫాలో, ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారు సీరియల్ ముందు, మనమేమో వంటింట్లో. అందరం ఇంట్లోనే ఉంటాం, కలిసి మాత్రం ఉండం.

"ఆ గేములు కట్టేస్తారా లేదా!" అని కేకెయ్యడం మనకి అలవాటే. ఈ సెలవుల్లో ఒక్క పూట మనమే వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటే ఎలా ఉంటుంది?

నిజానికి సెలవులూ ఆటలూ మనకి కొత్తేమీ కాదు. అరుగు మీద అష్టాచెమ్మా గీసుకుని, గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు అరగదీసి ఆడినవాళ్లమే. పిల్లలు బడిలో ఆడే స్నేక్స్ అండ్ ల్యాడర్స్ మన వైకుంఠపాళి వంశానిదే. 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడోకి మూలం మన పచ్చీసు. ఇంతెందుకు, పిల్లల నోట రోజూ వినిపించే నింటెండో కంపెనీ 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కలు తయారుచేస్తూ మొదలైందే! సంక్రాంతికి పేక పట్టిన ఇళ్లవాళ్లం, మనకి భయమెందుకు?

మొదటిసారి ఆడేవాళ్లకి మారియో కార్ట్ 8 డీలక్స్ తేలిక. ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు. అందులో 'స్మార్ట్ స్టీరింగ్' అనే సదుపాయం పెట్టుకుంటే బండి రోడ్డు దిగి పడిపోదు. అత్తయ్యగారు కూడా ధైర్యంగా నడపొచ్చు. బటన్లంటే కంగారు పడే పెద్దవాళ్లకి నింటెండో స్విచ్ స్పోర్ట్స్‌లో బౌలింగ్ బాగుంటుంది. నిజంగా బంతి విసిరినట్టే చెయ్యి ఊపాలి. కంట్రోలర్‌కి ఉన్న తాడు మణికట్టుకి బిగించడం మాత్రం మరిచిపోకండి, లేకపోతే అది వెళ్లి టీవీకి తగులుతుంది!

మన ఇళ్లకి అతికినట్టు సరిపోయే ఆట ఓవర్‌కుక్డ్. నలుగురూ ఒకే వంటింట్లో వంటవాళ్లు. ఒకరు ఉల్లిపాయలు తరగాలి, ఒకరు పొయ్యి మీద గిన్నె చూసుకోవాలి, ఇంకొకరు ప్లేట్లు కడగాలి. చూసుకోకపోతే మాడిపోయి మంటలు లేస్తాయి. దీనికి ఒక చిన్న నియమం పెట్టండి: ఆట నడిచినంతసేపూ తెలుగే మాట్లాడాలి. "తరుగు, కడుగు, దించు, ఇటు ఇవ్వు, మాడిపోతోంది!" తెలుగు అర్థమైనా ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్లలు కూడా తొందరలో గబగబా తెలుగులో అరుస్తారు. తప్పు పలికినా ఆట ఆపి దిద్దకండి. మాట బయటికి రావడమే ముఖ్యం. ఇంకో లాభం కూడా ఉంది. ఒక్క పూట భోజనం వెనక ఎన్ని చేతుల పని ఉందో వాళ్లకి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

ఊళ్లో ఉన్న తాతయ్య, అమ్మమ్మలకి ఫోన్‌లో లూడో కింగ్ చాలు. ముంబయి కంపెనీ చేసిన ఈ ఆటలో సొంత గది తెరిచి, దాని కోడ్ వాళ్లకి పంపితే వేరే దేశం నుంచీ కలుస్తారు. అమెరికాలో ఉంటే మనకి ఉదయం, వాళ్లకి రాత్రి భోజనాలయ్యాక. "బాగున్నావా? తిన్నావా?" దగ్గర ఆగిపోయే వీడియో కాల్ కన్నా, పావు చంపాడని మనవడితో పోట్లాడే అరగంట మేలు కదా!

జాగ్రత్తలూ ఉన్నాయి. అమెరికాలో గేమ్ డబ్బా మీద 'ఈ' అంటే అందరికీ, 'టీ' అంటే పదమూడేళ్లు దాటినవాళ్లకి, 'ఎమ్' అంటే పదిహేడు దాటినవాళ్లకి. యూరప్‌లో 3, 7, 12, 16, 18 అని వయసు అంకెల్లోనే ఉంటుంది. కొనేముందు అది చూడండి. రోబ్లాక్స్‌లో రోబక్స్ లాంటివి పేరుకి ఆట నాణేలే గానీ, పోయేది మన కార్డులో డబ్బే. కాబట్టి కార్డు వివరాలు అందులో దాచకండి, ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ముక్కూ మొహం తెలియనివాళ్లతో వాయిస్ చాట్ ఆపెయ్యండి. "ఇంకో పది నిమిషాలు" అనే బేరం వద్దు. "ఈ రేసు అయ్యాక ఆపాలి" అని ముందే అనుకుంటే గొడవ తక్కువ.

ఇక అసలు సంగతి. సెలవులు ఇంట్లో అందరికీ వస్తాయి, వంటింటికి తప్ప. ఆట ఆడే రోజు పొద్దున్నే పులిహోర కలిపేసుకోండి, లేదా పిజ్జా తెప్పించుకోండి. మధ్యలో "టీ పెట్టవా" అని ఎవరైనా అంటే, ఆ రేసులో ఆఖరున వచ్చినవాళ్లే టీ పెట్టాలని చెప్పండి. మొదట్లో అది మీరే కావచ్చు. నాలుగు రోజులు సాధన చెయ్యండి, ఆ తర్వాత టీ మీ చేతికే వస్తుంది!