డాక్టరు గారికీ నిద్ర కావాలి



అర్ధరాత్రి క్యాజువాలిటీ ముందు ఆటో ఆగగానే మనం అడిగే మొదటి మాట "డాక్టరు గారు ఉన్నారా?" అని. ఆ డాక్టరు గారు చివరిసారి ఎప్పుడు పడుకున్నారో మాత్రం ఎవరమూ అడగం. ముప్పై ఏళ్ళు వార్డుల్లో తిరిగినదాన్ని కాబట్టి ఈ సంగతి చెప్పే చనువు తీసుకుంటున్నాను.

నేను వేరొక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్న రోజుల్లో, ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి హౌస్ సర్జన్‌కు ఫోన్ చేశాను. ఆయన ముందు రోజు ఉదయం నుంచీ డ్యూటీలోనే ఉండి, అప్పుడే కాస్త నడుము వాల్చారు. షుగర్ రిపోర్టు విని, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు ఇవ్వాలో చెప్పారు. అంకె ఎక్కువనిపించి మళ్ళీ అడిగితే అదే అంకె గట్టిగా చెప్పారు. ఇంజెక్షన్ ఇవ్వకుండా వెళ్ళి తలుపు తట్టాను. ఆయన ముఖం కడుక్కొని వచ్చి కేస్ షీట్ చూసి, "నేనా సిస్టర్, అలా చెప్పింది?" అన్నారు. ఫోన్ ఎత్తిన సంగతే ఆయనకు గుర్తు లేదు.

ఆయన మంచి డాక్టరే. కానీ గాఢ నిద్రలోంచి లేచాక పావుగంట, ఒక్కోసారి అరగంట దాకా మెదడు పూర్తిగా మేలుకోదు. పైగా తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య ఎవరికైనా మగత ఎక్కువ. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, 17 గంటలు మేలుకొన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటిలా తగ్గిపోతుంది. 24 గంటలైతే సుమారు 0.10 శాతం ఉన్నట్టే. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతమే! తాగినవాణ్ణి వాసనతో పట్టుకోవచ్చు. నిద్ర లేనివారు మాత్రం "నాకేం కాలేదు" అంటారు, నిజంగానే అలా నమ్ముతారు కూడా.

నష్టం రోగికే కాదు. ఎడతెగని నైట్ డ్యూటీల తర్వాత సూదులు గుచ్చుకోవడం, ఇంటికి వెళ్తూ బండి ప్రమాదాలు జరగడం ఎక్కువ. ఏళ్ళ తరబడి నిద్ర తగ్గితే బీపీ, షుగర్, మనోవ్యాకులత వెంటపడతాయి. బీపీ ఉన్నవారికి "బాగా నిద్రపోండి" అని చెప్పేది ఈ డాక్టర్లే.

రెసిడెంట్ డాక్టర్లకు ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ సాధారణంగా ఉండకూడదని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ వారానికి 74 గంటలు మించవద్దని, రోజుకు 7, 8 గంటల నిద్ర ఉండాలని సూచించింది. కాగితం మీద ఉన్నది వార్డుకు చేరడానికి ఎన్నాళ్ళు పడుతుందో మనకు తెలిసిందే. ఇద్దరే డాక్టర్లున్న చిన్న ఆస్పత్రిలో అది మరీ కష్టం.

అందాకా సిస్టర్లు చేయగలిగింది కొంత ఉంది. తెల్లవారేదాకా ఆగగల సంతకాల కోసం లేపకండి. చిన్న సందేహాలు రాసి పెట్టుకొని రౌండ్సులో ఒకేసారి అడగండి. అత్యవసరమైతే తప్పక లేపండి, మొహమాటం వద్దు. కానీ ఆయన లేచి కూర్చున్నాకే కేసు చెప్పండి, ఫోన్ ఆర్డరు రాసుకొని తిరిగి చదివి వినిపించండి. అంకె తేడాగా ఉంటే మందు ఇవ్వక ముందే రమ్మనండి. రాత్రంతా పనిచేసిన డాక్టరు గారు స్కూటర్ తాళం తీస్తుంటే, ఇరవై నిమిషాలు కునుకు తీసి వెళ్ళమని చెప్పండి. టీ కాసేపు కళ్ళు తెరిపిస్తుందేగాని నిద్ర బాకీ తీర్చదు.

డ్యూటీ రూములో దోమతెర చిరిగినా, ఫ్యాన్ తిరగకపోయినా నాకు చెప్పండి. స్టోర్సుకు ఇండెంటు నేనే పెడతాను.