ఒకే చెట్టు - రెండు పక్షులు

దొరవారిసత్రం మండలంలో నేలపట్టు చెరువు ఉంది. 1976 నుంచి అది పక్షుల రక్షణ కేంద్రం. చెరువు నీళ్ళలో కడప చెట్లు ఉన్నాయి. వానలు పడి చెరువు నిండితే ఆ చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి.

గూడబాతు పెద్ద పక్షి. బరువు నాలుగు కిలోల పైనే. ముక్కు కింద తోలుసంచి ఉంటుంది. ఆ సంచే దాని వల. దానితో చేపలు పడుతుంది. మేతకు పులికాట్ సరస్సు దాకా పోతుంది.

నత్తగుల్ల కొంగ అంతకన్నా చిన్నది. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తను పట్టి, గుల్లలోంచి మాంసం లాగి తింటుంది.

వరిమళ్ళలో, కాలువల్లో నత్తలు దొరుకుతాయి. అందుకే ఈ కొంగకు ఇప్పట్లో పెద్ద ముప్పు లేదు. గూడబాతు సంగతి వేరు. దానికి చేపలున్న పెద్ద చెరువు కావాలి. గూటికి చెట్టు కావాలి. చెరువు పూడినా, చెట్టు కొట్టినా ఆ చోటు వదిలి పోతుంది. ప్రపంచ పక్షుల లెక్కలో అది 'ముప్పుకు దగ్గరైన పక్షి'.

పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పొలానికి ఎరువు. పక్షులను కొట్టడం, గుడ్లు తీయడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. మీ ఊరి చెరువులో ఇవి గూళ్ళు కడితే, పిల్లలు ఎగిరే దాకా ఆ చెట్ల జోలికి పోకండి.