తొలి ఎలక్ట్రిక్ గిటార్: పరిమిత బడ్జెట్‌లో దేనికి ఎంత ఖర్చు పెట్టాలి?

ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకోవాలన్న కోరిక కలిగిన యువతీయువకులు, వారి తల్లిదండ్రులు దుకాణంలో అడుగుపెట్టగానే ముందుగా చూసేది రంగు, ఆకారం, పేరు. చేతిలో ఉన్న సొమ్మంతా ఆ మూడింటికే వెచ్చించి, యాంప్లిఫయర్ సంగతి తర్వాత చూసుకుందామనుకుంటారు. ఇంటికి వచ్చాక తీగలు వేళ్లను కోస్తాయి, శ్రుతి నిలవదు, ధ్వని పలచగా వినిపిస్తుంది. లోపం వాద్యంలో ఉందని కొత్తవారికి తెలియదు. తమకు సంగీతం అబ్బలేదని నమ్మి గిటార్‌ను అటకెక్కిస్తారు.

తొలిసారి గిటార్ పట్టినవారిలో దాదాపు 90 శాతం మంది ఏడాదిలోపే మానేస్తున్నారని అమెరికా సంస్థ ఫెండర్‌కు సీఈవోగా ఉన్న కాలంలో ఆండీ మూనీ పలుమార్లు చెప్పారు. మానేయడానికి కారణాలు అనేకం. వాటిలో కొనుగోలుదారు చేతిలో ఉన్నది ఒకటే: వాయించడానికి అనువైన వాద్యాన్ని ఎంచుకోవడం. పరిమిత బడ్జెట్‌లోనూ అది సాధ్యమే.

ధ్వని ఎలా పుడుతుంది?

ఎలక్ట్రిక్ గిటార్‌కు సాధారణ గిటార్ వలె ధ్వనిని పెంచే బోలు పెట్టె అవసరం లేదు. తీగల కింద పికప్ అనే పరికరం ఉంటుంది. అయస్కాంతం చుట్టూ వేలాది చుట్లుగా చుట్టిన సన్నని రాగి తీగే పికప్. దానిపై ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, రాగి చుట్టలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రమే దీనికి ఆధారం. నైలాన్ తీగలు ఈ పికప్‌లపై పలకకపోవడానికి కారణమూ ఇదే.

ఆ స్వల్ప విద్యుత్తును పెంచి స్పీకరుకు పంపేది యాంప్లిఫయర్. అంటే శ్రోతకు వినిపించే నాదంలో సగం పాత్ర దానిదే. ఎలక్ట్రిక్ గిటార్ కొనడమంటే ఒక వస్తువును కాదు, ఒక జతను కొనడం. బడ్జెట్ లెక్క ఇక్కడి నుంచే మొదలు కావాలి.

25 వేలను ఎలా పంచుకోవాలి?

మొత్తం 25 వేల రూపాయలు ఉన్నాయనుకుంటే, గిటార్‌కు 15 నుంచి 16 వేలు, చిన్న యాంప్లిఫయర్‌కు 5 నుంచి 6 వేలు కేటాయించడం సమంజసం. మిగిలిన దానిలో కేబుల్, భుజానికి తగిలించుకునే పట్టీ, అదనపు తీగలు, సంచి, నిపుణుడి చేత చేయించే సర్దుబాటు ఇమడాలి. శ్రుతి చూసుకునేందుకు మొబైల్ ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ యాప్ చాలు.

ఇంట్లో సాధనకు 10 నుంచి 20 వాట్ల యాంప్లిఫయర్ సరిపోతుంది. వాట్ల కన్నా హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలు ముఖ్యం. అపార్ట్‌మెంట్‌లో రాత్రి వేళ సాధన సాగాలంటే అది తప్పనిసరి. డబ్బు మరీ తక్కువైతే గిటార్‌కే నేరుగా తగిలించే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌తో మొదలుపెట్టవచ్చు. గిటార్‌ను ఇంట్లోని మ్యూజిక్ సిస్టమ్‌కు నేరుగా కలిపితే మాత్రం ధ్వని మందకొడిగా, జీవం లేకుండా వస్తుంది. గిటార్ సంకేతం స్వభావానికి ఆ పరికరాలు తగినవి కావు.

ఏ రూపం, ఏ పికప్?

మార్కెట్లోని చాలా గిటార్లు మూడు పాత నమూనాలకు వారసులు. ఫెండర్ సంస్థ 1950ల ఆరంభంలో ప్రాచుర్యంలోకి తెచ్చిన టెలీకాస్టర్, 1954లో విడుదల చేసిన స్ట్రాటోకాస్టర్, గిబ్సన్ సంస్థ 1952లో తెచ్చిన లెస్ పాల్. అసలైనవి లక్షల్లో పలుకుతాయి. అందుకే ఫెండర్ తన స్క్వయర్ బ్రాండ్ కింద, గిబ్సన్ ఎపిఫోన్ బ్రాండ్ కింద అదే రూపాలను తక్కువ ధరకు అమ్ముతున్నాయి. యమహా పసిఫికా, ఐబనీజ్ జియో, కోర్ట్ సంస్థల ప్రారంభ శ్రేణి గిటార్లు కూడా ఈ వర్గంలోవే.

పికప్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ స్పష్టమైన, మెరుపున్న నాదాన్ని ఇస్తుంది. అయితే చుట్టుపక్కల విద్యుత్ తీగల నుంచి వెలువడే అలజడిని కూడా అందుకుని గుయ్‌మనే శబ్దం చేస్తుంది. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను జతచేసి ఆ శబ్దాన్ని అణిచే హంబకర్‌ను రూపొందించారు. దాని నాదం గుబురుగా, బరువుగా ఉంటుంది. ఏ సంగీతం వైపు మొగ్గుతారో ఇంకా తేల్చుకోని వారికి ఒక హంబకర్, రెండు సింగిల్ కాయిల్స్ ఉన్న గిటార్ మంచి మధ్యే మార్గం.

తీగల పొడవు కూడా చూడాలి. స్ట్రాటోకాస్టర్ రకంలో కంపించే తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్ పాల్ రకంలో సుమారు 24.75 అంగుళాలు. పొడవు తగ్గితే తీగ బిగువు కొంత తగ్గి వేళ్లకు సులువవుతుంది. చిన్న పిల్లలకైతే 22.75 అంగుళాల స్క్వయర్ మినీ వంటి పొట్టి గిటార్లు ఉన్నాయి. తీగలను గుత్తగా సడలించి బిగించే ఫ్లాయిడ్ రోజ్ తరహా బ్రిడ్జ్‌ను మాత్రం కొత్తవారు వదిలేయడం మేలు. దానిపై ఒక్క తీగ మార్చి శ్రుతి చేయడమే పెద్ద పని.

కలప గురించి విక్రేతలు చెప్పే కబుర్లకు ఈ ధరలో పెద్దగా విలువ ఇవ్వనక్కర్లేదు. మెడపై అతికించే పలకకు ఒకప్పుడు రోజ్‌వుడ్ వాడేవారు. 2017లో అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షలు కఠినం కావడంతో కొన్ని సంస్థలు ఇతర కలపల వైపు మళ్లాయి. పూర్తిగా తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు దొరికినా ఆ మార్పు చాలావరకు నిలిచిపోయింది. ప్రారంభ శ్రేణి గిటార్ల వివరాల్లో ఇండియన్ లారెల్ అని కనిపించేది తెలుగు నేల అడవుల్లోనూ పెరిగే నల్లమద్దే. అది దృఢమైన కలప, దాన్ని చూసి సందేహించాల్సిన పని లేదు.

దుకాణంలో చేయాల్సిన పరీక్షలు

వీణలో మెట్లను మైనంలో నిలుపుతారు. అవసరమైతే మైనాన్ని కరిగించి మళ్లీ సరిచేసుకోవచ్చు. గిటార్‌లో మెట్లను, అంటే ఫ్రెట్లను, కలపలోకి దిగ్గొడతారు. అవి ఎగుడుదిగుడుగా ఉంటే సరిచేయడానికి గిటార్ ధరతో పోలిస్తే చాలా ఖర్చవుతుంది. కాబట్టి పరీక్ష అక్కడి నుంచే మొదలు కావాలి.

మొదట ప్రతి తీగను ప్రతి మెట్టుపై నొక్కి మీటాలి. వాయించడం రానివారు కూడా ఈ పని చేయగలరు. ఎక్కడైనా స్వరం జీరపోయినా, మూగబోయినా ఆ గిటార్ పక్కన పెట్టించి మరొకటి అడగాలి. మెడ అంచు వెంట అరచేతిని జరిపినప్పుడు మెట్ల కొనలు గీరుకోకూడదు.

తర్వాత ఒకే తీగను మొదటి మెట్టు వద్ద, మెడ చివరి మెట్టు వద్ద ఒకేసారి నొక్కాలి. ఏడో మెట్టు వద్ద తీగకూ మెట్టుకూ మధ్య కాగితం దూరేంత సన్నని ఎడం కనిపిస్తే మెడ సరిగా ఉన్నట్టు. ఎడం ఎక్కువగా ఉంటే మెడ వంగిందన్నమాట. లోపలి ఉక్కు కడ్డీని తిప్పి దీన్ని సరిచేయవచ్చు గానీ, మెడ మెలిపడి ఉంటే ఆ గిటార్ తీసుకోకూడదు.

పన్నెండో మెట్టు తీగ పొడవుకు సరిగ్గా సగంలో ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే ఖాళీ తీగ స్వరమే పై స్థాయిలో పలకాలి. ట్యూనర్‌లో తేడా కనిపిస్తే బ్రిడ్జ్ వద్ద మరలు తిప్పి సరిదిద్దమని దుకాణదారును కోరాలి. చివరగా కేబుల్ తగిలించి ధ్వని మీటలను తిప్పి చూడాలి. చిటపటలు వినిపించకూడదు, కేబుల్ కదిపితే ధ్వని తెగిపోకూడదు.

సెటప్, వాతావరణం

కర్మాగారం నుంచి పెట్టెలో వచ్చిన గిటార్‌ను అలాగే వాయించడం సరికాదు. తీగల ఎత్తును, మెడ వంపును, శ్రుతిని సరిచేసే పనిని సెటప్ అంటారు. పన్నెండో మెట్టు వద్ద తీగ ఎత్తు సుమారు 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉంటే వేళ్లకు శ్రమ తగ్గుతుంది. చవక గిటార్‌ను మంచి గిటార్‌గా మార్చే ఖర్చు ఏదైనా ఉంటే అది ఇదే. ఆన్‌లైన్‌లో కొన్నవారు దీనికి తప్పక సొమ్ము ఉంచుకోవాలి.

విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో ఉప్పు గాలి, చెమట కలిసి తీగలను త్వరగా తుప్పు పట్టిస్తాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి. పొడి వేసవి ఉన్న ప్రాంతాల్లో కలప కుంచించుకుపోయి మెట్ల కొనలు బయటకు పొడుచుకొస్తాయి. గిటార్‌ను ఎండ తగిలే కిటికీ పక్కన, కారు డిక్కీలో ఉంచకూడదు.

పాతవి, నకిలీలు

వాడిన గిటార్ కొంటే అదే సొమ్ముకు మెరుగైన వాద్యం దొరకవచ్చు. మెట్లపై తీగలు లోతుగా గాడులు చేశాయా, బిరడలున్న తలభాగం విరిగి అతికించినదా అన్నవి చూడాలి. ప్రసిద్ధ బ్రాండ్ల పేరు అచ్చువేసిన నకిలీలు కూడా మార్కెట్లో ఉన్నాయి. నమ్మశక్యం కాని ధర చెబితే బిల్లు, క్రమ సంఖ్య అడిగి తయారీ సంస్థతో సరిచూసుకోవాలి.

ఎర్తింగ్ ముఖ్యం

గిటార్ తీగలు బ్రిడ్జ్ ద్వారా యాంప్లిఫయర్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఇంటి వైరింగ్‌లో ఎర్తింగ్ లేకపోతే శబ్దం పెరగడమే కాదు, ప్రాణానికీ ముప్పు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ ఎర్తింగ్ లేని మైక్రోఫోన్ కారణంగా విద్యుదాఘాతానికి గురై వేదికపైనే కుప్పకూలి మరణించారు. యాంప్లిఫయర్‌ను మూడు పిన్నుల సాకెట్‌కే కలపాలి. ప్లగ్ మూడో పిన్ను విరిచి వాడకూడదు. పాత ఇళ్లలో ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్ పరీక్షించాకే సాధన మొదలుపెట్టాలి.

ఎలక్ట్రిక్ వాద్యం పాశ్చాత్య సంగీతానికే పరిమితమన్న అభిప్రాయం సరికాదు. పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతాన్ని పలికించి 1998లో పద్మశ్రీ అందుకున్నారు. గిటార్ ప్రసన్న అదే సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటార్‌పై వినిపిస్తున్నారు. తీగను పక్కకు లాగి గమకం పలికించాలన్నా, రాక్ పాటకు లయ అందించాలన్నా ముందుగా కావాల్సింది శ్రుతి నిలిచే, వేళ్లకు లొంగే వాద్యం. దుకాణానికి వెళ్లేవారు గిటార్ వాయించగల స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లడం ఉత్తమం. అది కుదరకపోతే ప్రతి మెట్టునూ స్వయంగా నొక్కి చూసేందుకు ఒక అరగంట కేటాయించాలి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.